బొమ్మలో లేని ఉలవచెట్లు

నాకు కోపం ఎక్కువ, తెలివి ఇంకా ఎక్కువ అనుకునేవాణ్ణి. 2016లో చీపురుపల్లి కోర్టులో వాదించిన సోములు కేసు ఆ రెండో భ్రమ వదలగొట్టింది.

సోములు ఆటో గుద్ది ఒక రైతు చనిపోయాడు. మనిషిని చూసిన వెంటనే బ్రేకు వేశానని సోములు నా దగ్గర మొత్తుకున్నాడు. నేరం రుజువైతే జైలు, ఇంట్లో నలుగురికీ పస్తులు. ఉత్త మాటలు ఎవరు నమ్ముతారని, పోలీసులు గీసిన పటం ఇచ్చి, విశాఖపట్నంలో కంప్యూటర్ బొమ్మల వీడియో చేయించాను. అందులో ఆటో ముప్పై స్పీడులో వస్తుంది, మనిషికి ఇరవై గజాల ముందే బ్రేకు పడుతుంది. అయినా ఆటో వెళ్లి మనిషిని గుద్దుతుంది. కోర్టులో అది వేసి చూపించి, ఇంకేం, గెలిచేశాననుకున్నాను.

ప్రాసిక్యూటర్ ఝాన్సీగారు ఆ వీడియోనే మళ్లీ వేయించారు. పొడిగా, శుభ్రంగా ఉన్న రోడ్డు మీద ముప్పై స్పీడులో పోయే ఆటో ఇరవై గజాల్లో ఆగదా అని అడిగారు. స్పీడన్నా అబద్ధం, బ్రేకన్నా అబద్ధం అన్నారు. జడ్జిగారు అది రాసుకున్నారు. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. సోములు ముఖం చూడలేకపోయాను.

అప్పుడు వెనక బెంచీలోంచి చనిపోయిన రైతు భార్య నారాయణమ్మ లేచింది. కోర్టు జవాను కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ బొమ్మ మా ఆయనేటి? సేతులూపుకుంటా రోడ్డు మీద ఊరికే తిరగతన్నాడు. మా ఆయన ఒక్కనాడూ ఊరికే ఉన్న మనిసి కాదు బాబూ. ఆ యేళ ఉలవ తిరగేస్తన్నాడు."

జడ్జిగారు ఆమెను బోనెక్కించి, ప్రమాణం చేయించి అడిగారు. బళ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని ఆ రోజు రోడ్డంతా ఉలవచెట్లు పరిచారట. ఆమె భర్త కర్రతో వాటిని తిరగేస్తున్నాడట. బ్రేకు పడినా ఆటో ఆ చెట్ల మీద జారుకుంటూ వచ్చేసిందట. పోలీసులొచ్చేలోపు బంధువులు ఆ చెట్లన్నీ ఎత్తి పక్కన పోశారట.

ఇలా చెబితే తప్పు మీ మీదికే వస్తుందమ్మా అని ఝాన్సీగారు మెల్లిగా అన్నారు.

"తప్పు మాదైతే మాదే. ఆయన్ని పనీపాటా లేనోడిలాగ సూపించకండి."

నాకు ఒళ్లు మండింది. ఇంత సంగతి నాకెందుకు చెప్పలేదురా అని బయటికి రాగానే సోములు మీద పడ్డాను. కోతల రోజుల్లో ఆ రోడ్డు మీద ఉలవ ఎప్పుడూ ఉండేదే కదా, కొత్తగా చెప్పేదేముందని వాడు తెల్లబోయాడు. ఏటా నా బండితో ఆ ఉలవ తొక్కించుకుంటూనే నేనూ కోర్టుకొస్తాను. నాకు మాత్రం గుర్తొచ్చిందా?

ఆమె బంధువులు కూడా వచ్చి అదే చెప్పారు. రెండు వాయిదాల తర్వాత కేసు కొట్టేశారు. సోములు ఏడుస్తూ వెళ్లి నారాయణమ్మ కాళ్ల మీద పడ్డాడు. ఆమె వాణ్ణి లేపి, నా వంక చూసింది.

"ఈడు బ్రేకేసిన సప్పుడు నాను ఇన్నాను బాబూ. నన్నెవులూ అడగనేదు."