మంచు కురిసిన రోజు క్లాసు

డీన్ గారూ, నలభై మందిని ఒకే గదిలో కుక్కి దానికి చర్చా తరగతి అని పేరు పెట్టింది మీ కమిటీయే. మొదటి ఏడాది పిల్లలందరికీ హ్యుమానిటీస్ తప్పనిసరి అన్నారు. టర్మ్ మొత్తంలో ఒక్కసారైనా నోరు విప్పనివాళ్లు ఫెయిల్ అన్నారు. నలభై మందిలో బిడియస్తులు ఎలా నోరు విప్పుతారండీ?

నా సెక్షన్‌లో స్మృతి ఉంది. చికాగో పక్క నేపర్‌విల్‌లో పుట్టిన తెలుగు పిల్ల. వ్యాసం రాసిందంటే బంగారమే, కానీ పదమూడు వారాలుగా వెనక వరసలో మౌనం. చివరి క్లాసు నిన్ననే. అందులోనూ మాట్లాడకపోతే ఆమెను ఫెయిల్ చెయ్యాల్సింది నేను.

నిన్న మంచుకు రైళ్లు ఆగిపోయి పదకొండు మందే వచ్చారు. కుర్చీలు గుండ్రంగా లాక్కున్నాం. ఓడిపోయిన శత్రువును క్షమించాలా అన్నది ప్రశ్న. క్షమించాల్సిందేనని వినీత్ అనే కుర్రాడు తేల్చేశాడు.

"ఎవరు క్షమించాలి? దెబ్బ తిన్నవాళ్లా, చూస్తూ కూర్చున్నవాళ్లా?" అంది స్మృతి.

ఆ తర్వాత అరగంట ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

క్లాసయ్యాక నా దగ్గరికొచ్చింది. "సారీ ఆంటీ... అయ్యో, ప్రొఫెసర్! టూ మచ్ మాట్లాడానా?"

"నన్ను బతికించావు తల్లీ."

"ఫార్టీ పీపుల్ ఉంటే నాకు వాయిస్ రాదు."

ఆమె పేరు పక్కన 'మాట్లాడింది' అని రాసి, కార్‌లో కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ప్రతిసారీ మంచు కురవదు, డీన్ గారూ. సెక్షన్‌కి పదిహేను మందికి మించి వద్దు. అలా మార్చమని రాసిన కాగితం దీనితో జతచేశాను, దాని మీద ఈ వారమే సంతకం పెట్టండి.