దూడ మూతి మీద నీలం

గాలికుంటు జబ్బు నది అవతలి గట్టుదాకా వచ్చిందని కబురు అందిన రోజునుంచి, మా అక్క డెయిరీలో నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. గేటు ముందు మందునీళ్ళ తొట్టి కట్టించాను. ఎవరొచ్చినా బూట్లు అందులో ముంచాలి, పక్కనున్న బకెట్ నీళ్ళతో చేతులు కడుక్కోవాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఈ మూడు ముక్కలూ అట్ట మీద నేనే రాసి గేటుకు కట్టాను. బావ ఒకసారి చెప్పులతో లోపలికి రాబోతే, బావ అని కూడా చూడకుండా వెనక్కి పంపాను.

మావి నలభై రెండు ఆవులు, తొమ్మిది దూడలు. ఆ జబ్బు సోకితే ఆవులు గిట్టల మధ్య పుళ్ళతో కుంటుతాయి, పాలు తగ్గిపోతాయి. పాలుతాగే దూడలు మాత్రం గుండె ఆగి, నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోతాయి. అందుకే నా భయమంతా దూడల పాక గురించే.

మేత బండి తోలే పెద్దాయన్ని అందరం మామ అంటాం. ఆయనకి కూతుళ్ళు లేరు, అయినా నన్ను ‘అల్లుడూ’ అనే పిలుస్తాడు. కిందటి వారం తొట్టి సంగతి మరిచి రెండడుగులు లోపలికి వేశాడు. పాలు పిండేవాళ్ళందరి ముందూ, “కళ్ళు నెత్తికెక్కాయా మామా?” అని అరిచాను. అక్క కూడా, “ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటాం” అంది. ఇరవై ఏళ్ళుగా మాకు మేత తోలుతున్న మనిషి. వెనక్కి వెళ్ళి బూట్లు ముంచుకొచ్చాడు.

తరవాత పశువుల డాక్టరమ్మ వచ్చి మాకో పరీక్ష పెట్టింది.

“రేపు పొద్దున గేటు బయట ఎక్కడో ఒకచోట ఒక పొడి రాస్తాను. ఉత్తప్పుడు కనిపించదు, తడి తగిలితే నీలం అవుతుంది. మీ పని మీరు చేసుకోండి. మధ్యాహ్నం నేనొచ్చి నీళ్ళు చల్లి చూస్తాను. అదే జబ్బయితే ఎంతదాకా వచ్చేదో తెలుస్తుంది.”

“మా గేటు దాటదు డాక్టరుగారూ,” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు మేత బండి ఆలస్యంగా వచ్చింది. మామ బండి పక్కన నిలబడి తాడు ముడులతో కుస్తీ పడుతున్నాడు. “ఇంకా ఎంతసేపు? జరగండి” అని విసుక్కుని ముడులు నేనే విప్పాను. ఇంతలో లోపలినుంచి దూడల్ని చూసే పిన్ని కేకేసింది, చిన్నదూడ పాలు ముట్టడం లేదని. ఆయన్ని తిడుతూనే బూట్లు ముంచాను, సంతకం గీకాను, పరుగెత్తాను. బకెట్ పక్కనుంచే వెళ్ళాను. చేతులు కడుక్కోలేదు.

తల్లినుంచి విడదీసిన దూడకి బకెట్లో పాలు తాగడం చేతకాదు. పాలలో ముంచిన వేళ్ళు నోటికందిస్తే చీకుతుంది, మెల్లగా చేతిని బకెట్లోకి దించితే తాగడం నేర్చుకుంటుంది. పిన్నిని ఇంకో బకెట్ తెమ్మని పంపి, వేళ్ళు పాలలో ముంచి దూడ నోట్లో పెట్టాను. అది ఆత్రంగా చీకింది. చూస్తుండగానే నా వేళ్ళు, దాని మూతి, బకెట్లో పాలు నీలమైపోయాయి.

శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. నా సంగతి అచ్చంగా అదే. అప్పుడైనా అక్కను పిలిచి చెప్పాల్సింది. నేను పాలు కాలవలో పారబోశాను. మేకుకి వేలాడుతున్న గుడ్డతో దూడ మూతి తుడిచి, మరక లోపలికి మడిచి, మళ్ళీ అక్కడే తగిలించాను. చేతులెంత రుద్దినా గోళ్ళలో నీలం పోకపోతే రబ్బరు తొడుగులు వేసుకున్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ గేటు దగ్గర, దారి పొడుగునా నీళ్ళు చల్లింది. ఎక్కడా రంగు లేదు. దూడల పాకలో చల్లింది. తొమ్మిది దూడలకీ మూతులు నీలం. పాలు తాగాక దూడలు ఒకదాన్నొకటి నాక్కోకుండా పిన్ని ఆ గుడ్డతోనే వరసగా మూతులు తుడుస్తుంది, ఆ పూటా అలాగే తుడిచింది. పుళ్ళమందు నీలి మరకలు ఆ గుడ్డకి మామూలే కాబట్టి ఆమె అనుమానించలేదు.

“పొడి రాసింది మేత బండి తాడుకి,” అంది డాక్టరమ్మ.

అక్క నావైపు తిరిగింది. “మామ లోపలికొచ్చాడా?”

“నేను చూళ్ళేదు,” అన్నాను. అంతటితో ఊరుకున్నానా? “వచ్చినా వచ్చుంటాడు.”

రెండో విడత మేత దింపుతున్న మామను అక్క గేటు దగ్గరికి పిలిచింది. “ముందే చెప్పాను కదా మామా. రేపటినుంచి బండి తేవద్దు.”

మామ నా చేతి తొడుగులకేసి చూశాడు. ముడులు ఎవరు విప్పారో ఆయనకి తెలుసు. చెప్పేస్తాడనుకున్నాను.

“నేనే వచ్చుంటానమ్మా. వయసు మీద పడింది, గుర్తుండట్లేదు. అల్లుణ్ణి మాత్రం ఏమీ అనకండి, పొద్దస్తమానం ఈ గేటు దగ్గరే చస్తున్నాడు.”

నాకు తల కొట్టేసినట్టయింది. తొడుగులు లాగేసి, అక్క ముందు చేతులు చాపాను. తాడు, దూడ, గుడ్డ, అన్నీ చెప్పాను. అక్క నన్ను దాటుకుని మామ దగ్గరికి వెళ్ళింది. “క్షమించు మామా” అంది. ఆ మాట నేను అనాల్సింది.

డాక్టరమ్మ తన సంచీ సర్దుకుంటూ అంది: “చేతులు కడగడం ఎవరైనా మరిచిపోతారు. మీరు దాచారు చూడండి, అందుకే ఒక దూడతో ఆగాల్సింది తొమ్మిదింటికి అంటింది. అసలు జబ్బుకి రంగు కూడా ఉండదు.”

జబ్బు కాలం గడిచేదాకా గేటు పెత్తనం మామదేనని అక్క తేల్చేసింది. మర్నాడు పొద్దున ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను బూట్లు ముంచాను. పాలు పిండేవాళ్ళందరూ చూస్తున్నారు. ఆయన నాలుగు తిడితే బాగుండు అనిపించింది.

“చేతులు పట్టు అల్లుడూ,” అని మగ్గుతో నీళ్ళు పోశాడు. “రుద్దు. గోళ్ళలో ఇంకా ఉంది.”

తల వంచుకుని రుద్దుతూనే ఉన్నాను. ఆయన మగ్గు మీద మగ్గు పోస్తూనే ఉన్నాడు.