ఖాళీ పెట్టె బరువు

పాస్టర్ల చదువు చెప్పే వేదాంత కళాశాలలో మూడో సంవత్సరం వాళ్ళకి ప్రతి బుధవారం ఉదయం ఆరాధన క్రమాల తరగతి. పెళ్ళి జరిపించడం నేర్చుకునే వారాల్లో విద్యార్థుల్లోనే ఒకణ్ణి పెళ్ళికూతురిగా నిలబెడతారు. ఆ ఏడాది పెళ్ళికూతురికి గడ్డం ఉంది. బాప్తిస్మానికి ఒక రబ్బరు బొమ్మ ఉంది. పాతికేళ్ళుగా తల తడిసీ తడిసీ దాని జుట్టు రంగు వెలిసిపోయింది, ఇప్పటికి దానికి రెండొందల పేర్లు పెట్టి ఉంటారు. ఇక భూస్థాపన నేర్చుకోవడానికి ఒక శవపేటిక ఉంది. ఖాళీదే. కాలేజీ వడ్రంగి తన మామగారి కోసం చేస్తే, కొలత చాలక మిగిలిపోయిన పెట్టె అది. ఈయన జీవితమంతా మా నాన్నని తక్కువగానే అంచనా వేశాడు, చివరికి పెట్టె దగ్గర కూడా అంతే చేశాడు అని వడ్రంగి భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ పెట్టెని ఆరుగురు భుజాలకెత్తుకుంటారు. ఏడోవాడు ముందు నడుస్తూ భూస్థాపన ప్రార్థనల క్రమం చదువుతాడు. చదివేవాడి మనసులో ఎవరూ లేకపోతే పెట్టెది చెక్క బరువే. ఎవరైనా ఉంటే ఆ మనిషి బరువు వచ్చి పెట్టెలో చేరుతుంది. అది అక్కడ అందరికీ అలవాటైన విషయమే. మార్కులు వేసేదీ దాన్ని బట్టే. "పుస్తకంలో ఉన్నది ఎవడైనా చదువుతాడు. మోసేవాళ్ళ మోకాళ్ళు వంగాలి" అనేవారు సారు, ఏటా మొదటి రోజునే.

బరువు ఎంతో చెప్పే పని 'బస్తా'ది. గోడౌన్లో పదిహేనేళ్ళు బస్తాలు మోసి, మోస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, ముప్పై ఎనిమిదో ఏట దేవుడి పిలుపు అందిందని ఈ చదువుకి వచ్చినవాడు. గ్రీకు క్రియాపదాలు అతని తలలో ఒక పూట కూడా నిలిచేవి కావు గానీ, భుజం మీద ఏది పెట్టినా కిలోల్లో చెప్పేవాడు. హాస్టలు వంటాయన తూకం మిషన్ మీద అనుమానం వచ్చినప్పుడు బియ్యం బస్తా ఒకసారి ఇతని భుజం మీద పెట్టి, తర్వాత మిషన్‌ని సరిచేసుకునేవాడు.

బస్తాకి గ్రీకు నేర్పే పని పెట్టుకున్నవాడు 'ఇస్త్రీ'. తరగతిలో మొదటి మార్కులన్నీ అతనివే. అమ్మా నాన్నా అతనికి ఏడాది నిండకముందే పోతే, పన్నెండేళ్ళ అక్క ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని పెంచింది. ఇప్పటికీ ఆమె అదే షాపులో అదే బల్ల దగ్గర నిలబడుతుంది. తమ్ముడి చొక్కా మడతలు చూసి హాస్టల్లో ఆ పేరు పెట్టారు.

అంత చదువరి పెట్టె దగ్గర బోల్తా పడ్డాడు. మొదటిసారి అతను చదువుతూ నడిస్తే పెట్టె దూదిమూటలా పోయింది. వెనకవాళ్ళు ఈల ఒక్కటే వేయలేదు. సారు సున్నా వేసి, "నీకు ఎవరూ పోలేదా?" అని అడిగారు.

"పోయారండి. ముఖాలు గుర్తులేవు."

సారు కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఎవరు పోతే తట్టుకోలేవో వాళ్ళని తలుచుకో, అది కూడా చెల్లుతుంది అన్నారు.

నెల తర్వాత మళ్ళీ అతని వంతు వచ్చినప్పుడు ఆరుగురి మోకాళ్ళూ వంగాయి. "చెక్క తీసేస్తే యాభై ఎనిమిది," అన్నాడు బస్తా. ఆ పై నెల యాభై అయిదు. తర్వాత యాభై ఒకటి. పరీక్షకి ఆరు రోజులుందనగా నలభై ఆరు.

మొదట బస్తా తన భుజాన్నే అనుమానించాడు. వంటశాలకి వెళ్ళి పాతిక కిలోల బస్తా ఎత్తుకుని చూశాడు. సరిగ్గా పాతికే. తరగతిలో ఒకడు ఎప్పుడూ వాళ్ళ నాయనమ్మనే తలుచుకునేవాడు. ఆవిడ పోయి పదేళ్ళయింది, ఎప్పుడెత్తినా ముప్పై తొమ్మిదే. ఇదంతా లెక్క వేసుకుని బస్తా హాస్టల్లో బట్టలు ఉతికే గదికి వెళ్ళాడు. ఇస్త్రీ అక్కడ పరీక్షకి వేసుకునే తెల్ల చొక్కా బల్ల మీద పరిచి ఉన్నాడు.

"ఒరే తమ్ముడూ, పెట్టెలో నువ్వు పెట్టేది ఎవర్నిరా?"

"ఎందుకన్నా?"

"పోయినోళ్ళు తగ్గర్రా. మనోడి నాయనమ్మ ఆ రోజు ఎంతుందో ఇవాళా అంతే. నీ మనిషి నాలుగు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గారు."

ఇస్త్రీ చేతిలోని ఇస్త్రీపెట్టె కదలకుండా అక్కడే ఆగిపోయింది. పొగ లేచాక గానీ ఇద్దరూ చూసుకోలేదు. చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ. అతను బట్ట మాడ్చడం పుట్టాక అదే మొదటిసారి.

వెంటనే అక్కకి ఫోన్ చేశాడు. ఆమె ఎప్పటిలాగే ముందు తిన్నావా అని అడిగింది. నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను అంది.

"బరువెంతున్నావక్కా?"

"ఆడవాళ్ళని అడిగే మాటేనా అది?" అని నవ్వబోయి, ఫోన్ ఎక్కడో దూరంగా పెట్టేసింది. చాలాసేపటికి మళ్ళీ తీసి, ఆవిరి గొంతులో పడిందిరా అంది. ఆ ఆవిరి మాట నాలుగు నెలలుగా వింటున్నానని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

బయటి పరీక్షకుడు ఏడాదికి ఒక్కసారే వస్తాడు. ఆ రోజు లేనివాడికి ఆ ఏడాది లేనట్టే. పైగా ఊరి చివర రోడ్డు పక్కన ఒక చిన్న చర్చి వచ్చే నెల నుంచి ఇతనికి ఇస్తామని మాటైంది. ఇవన్నీ తెలిసీ, ఇప్పుడు వెళ్తే ఆ రోజుకి తిరిగి రాలేకపోవచ్చని తెలిసీ ఇస్త్రీ సారు గదికి వెళ్ళి నిలబడ్డాడు. సారు అంతా విన్నారు. సొరుగులోంచి చిన్న డైరీ తీసి వేలితో వరస వెంట వెతికారు.

"పదింటి బస్సు ఎక్కకు, అది దారిలో ఊరూరా ఆగుతుంది. పదకొండింటిది ఎక్కు," అన్నారు.

అక్క బల్ల వెనకే నిలబడి ఉంది. జాకెట్టుకి రెండు వైపులా పిన్నీసులు పెట్టి బిగించుకుంది. తమ్ముణ్ణి చూడగానే, పరీక్ష వదిలేసి వస్తావా, బుద్ధుందా అని మొదలెట్టి, దగ్గు అడ్డమొచ్చి ఆపింది. ఆస్పత్రిలో లిఫ్టు పనిచేయడం లేదు. మూడో అంతస్తు దాకా ఆమెని వీపున ఎక్కించుకుని మోశాడు. పైకి వెళ్ళాక నర్సు మిషన్ మీద నిలబెట్టి చూస్తే నలభై ఆరు.

ఊపిరితిత్తుల్లో టీబీ అన్నాడు డాక్టరు. మందులతో తగ్గుతుంది గానీ ఇంకో నెల ఆగి వస్తే ఏం చెప్పగలిగేవాణ్ణి కాదన్నాడు.

మంచం మీద పడుకున్నాక అక్క అడిగింది. "నాకిలా ఉందని నీకెవర్రా చెప్పింది?"

"మా బస్తా అన్న."

"ఆయన నన్నెప్పుడు చూశాడు?"

"చూళ్ళేదు. మోశాడు."

పెట్టె సంగతి చెప్పక తప్పలేదు. బతికుండగానే పాడె ఎక్కించావన్నమాట అని ఆమె గోడ వైపు తిరిగింది. దుప్పటి కదులుతుంటే ఏడుస్తోందనుకుని అతను వంగి చూశాడు. దగ్గుకీ దగ్గుకీ మధ్య నవ్వుతోంది.

ఇస్త్రీ నెలల తరబడి షాపులో బల్ల దగ్గర నిలబడ్డాడు. అక్క కుర్చీలో కూర్చుని తప్పులు పట్టేది. గ్రీకు వచ్చినంత మాత్రాన కాలర్ తిరగదు అనేది. ఆమె మళ్ళీ నిలబడగలిగాక అతను కాలేజీకి వెళ్ళి, కింది తరగతి వాళ్ళతో కలిసి కూర్చున్నాడు. ఈలోగా బస్తా గ్రీకులో రెండు మార్కుల తేడాతో గట్టెక్కాడు. రోడ్డు పక్క చర్చి అతనికే ఇచ్చారు. ఇచ్చిన రోజున మొహం వేలాడేసుకుని వచ్చి, నీది నేను తీసుకున్నాన్రా అన్నాడు. గ్రీకు నేర్పింది అందుకేగా అన్నాడు ఇస్త్రీ.

ఆ తర్వాత ఇస్త్రీ వంతు వచ్చిన బుధవారాలన్నిటికీ బస్తా చర్చికి తాళం వేసి సైకిలెక్కి వచ్చేవాడు. సారు అడ్డు చెప్పలేదు. యాభై. యాభై మూడు. యాభై ఆరు. వంటాయన పొయ్యి దగ్గర్నుంచి మనిషిని పంపి, ఇవాళ ఎంత అని కనుక్కునేవాడు. శవపేటిక బరువెక్కుతోందని అంతమంది సంబరపడడం ఆ కాలేజీ అంతకుముందెప్పుడూ చూడలేదు.

పరీక్ష రోజు అక్క వచ్చింది. తమ్ముడి తెల్ల అంగీ తనే ఇస్త్రీ చేసి, చేతుల మీద పసిపిల్లలా తెచ్చి, తొడిగి, చివరి బల్ల మీద కూర్చుంది. ఇస్త్రీ పుస్తకం తెరిచాడు. మట్టిని గురించిన మాటల దగ్గర ఒక్కసారి తలెత్తి చివరి బల్ల వైపు చూశాడు, మళ్ళీ చదివాడు. వెనక ఆరుగురూ ఒక్కసారిగా కిందికి జారి సర్దుకున్నారు. బస్తా పెదవులు కదిలాయి. ఆ అంకె ఒక భుజం నుంచి ఇంకో భుజానికి వెళ్ళి, ఆరుగురి ముఖాల్లోనూ వెలిగింది.

భూస్థాపన సమయంలో మోసేవారి ముఖాల్లో గాంభీర్యం లోపించింది అని రాసి పరీక్షకుడు రెండు మార్కులు కోశాడు. మిగతావన్నీ ఇచ్చాడు.

బయట చెట్టు కింద అక్క బస్తాని నిలేసింది. "ఎంతన్నావు అన్నయ్యా?"

"అరవై ఒకటి."

"అరవై ఒకటా?" ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది. జాకెట్టుకి పిన్నీసులు లేవు. "నేనంత ఎందుకుంటాను? పెట్టెతో కలిపి చెప్పుంటావు."

"లేదు చెల్లెమ్మా," అన్నాడు బస్తా, భుజం రుద్దుకుంటూ. "చెక్క తీసేసే చెప్పాను."