ఇరవై ఐదు మిల్లీమీటర్లు

బుధవారం ఉదయం పదిన్నరకు బార్కస్ బస్తీలో దుర్గయ్య సైకిలు విరిగింది. బక్రీద్ శనివారం.

దుర్గయ్య కత్తులకు సానపడతాడు. స్టాండు వేసిన సైకిలు మీద కూర్చుని తొక్కుతుంటే వెనక చక్రం తిరుగుతుంది. చక్రానికి తొడిగిన బెల్టు ముందు బిగించిన సానరాయిని తిప్పుతుంది. ఆ పొద్దు మూడో ఇంటి కత్తి రాయి మీద ఉండగా, ఫ్రేములో వెనక చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల్లో ఎడమది అతుకు దగ్గర తెగింది. దుర్గయ్య పక్కకు పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. కత్తికి ఏమీ కాలేదు.

ఆ చక్రం నడుమ తిరిగే హబ్బు వేసింది ఖదీర్. దబీర్‌పురా స్టేషన్ దగ్గర అతనికి సైకిలు దుకాణం ఉంది. వేసింది అంతకు ముందు ఆదివారం.

దుర్గయ్య ఇరవై ఏళ్లు తొక్కిన ఇనప సైకిలు తుప్పుకు పోయింది. మేనల్లుడు సాగర్ తాను కావలి కాసే అపార్ట్‌మెంటులో ఎవరో వదిలేసిన గేర్ల సైకిలు తెచ్చిచ్చాడు. సాన తొక్కేటప్పుడు బరువు పడగానే దాని చైను ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి దూకుతోంది.

"గేర్లు పీకెయ్ భాయ్. ఒక్క పళ్లచక్రం చాలు నాకు," అన్నాడు దుర్గయ్య ఆ ఆదివారం ఖదీర్‌తో. "పండుగకు ముందు మూడొద్దులు బార్కస్‌ల తిరగాలె. ఆ పనితోనే నాకు వానాకాలం ఎల్లుతది. పండుగ ముంగటి దినం పొద్దుగాల, అన్నిటికన్న ముందు మీ ఇంటి కత్తే పడత, ఎప్పటి లెక్కనే."

పాత హబ్బు లోపల అరిగిపోయింది. తొక్కితే ఒట్టిగా తిరుగుతోంది. కొత్తది వేయాలి. ఖదీర్ బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి పాత ఇనప సైకిళ్లకు అతను ముప్పై ఒక్క ఏళ్లుగా వేస్తున్న ఇనప హబ్బు. రెండోది పొడుగు యాక్సిలుది, మార్చిలో కూతురు నౌరీన్ ఫోనులో తెప్పించింది. అప్పటి నుంచి ఎవరూ కొనలేదు. డిగ్రీ అయ్యాక దుకాణం సామాను ఆమే చూస్తోంది.

నౌరీన్ స్టీలు స్కేలు తీసి ఫ్రేములో పెట్టి కొలిచింది.

"అబ్బా, ఇక్కడ నూట ముప్పై ఐదు మిల్లీమీటర్లు ఉంది. ఇనుపది నూట పదే. ఇరవై ఐదు తక్కువ పడుతది," అంది తండ్రితో.

"నట్లు బిగిస్తే గొట్టాలే దగ్గరికొస్తయ్."

"ఇది ఇనుము కాదు, అల్యూమినియం. వంగదు అబ్బా, పగులుతది. పొడుగుది వెయ్యి."

బెంచీ మీద ఆటో డ్రైవరు ప్రకాశం చాయ్ తాగుతున్నాడు. పక్కన ఇంకో ముగ్గురున్నారు. "ఏంది ఖదీర్ భాయ్, దుకాణంల ఉస్తాదు మారిండా?" అన్నాడు ప్రకాశం.

"నా బిడ్డ స్కేలు పట్టంగనే ఇంజినీరయింది," అన్నాడు ఖదీర్. "నౌరీన్, గా స్కేలు ఇంటికి పట్టుకపోయి రొట్టెలు కొలుసుకో. నాకు నా చెయ్యే కొలత."

అందరూ నవ్వారు. దుర్గయ్య కూడా నవ్వాడు. నౌరీన్ స్కేలు సొరుగులో పెట్టేసింది.

ఖదీర్ ఇనప హబ్బు వేసి నట్లు బిగించాడు. రెండు గొట్టాలూ లోపలికి వచ్చాయి. చివరి చుట్టులో టిక్కుమని చప్పుడైంది. ఖదీర్ విన్నాడు. ఒకసారి సొరుగు వైపు చూశాడు. పానా పట్టుకుని ఇంకో అర చుట్టు తిప్పాడు.

బుధవారం పన్నెండింటికి దుర్గయ్య విరిగిన సైకిలును ట్రాలీ ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చాడు.

"తిట్టకు భాయ్. మంచిగ చేసిచ్చినవ్, ఖరాబు చేసిన," అన్నాడు. "హబ్బుకేం గాలే సూడు, మస్తు తిరుగుతున్నది. నేను బరువు మనిషిని, మీదికెల్లి సాన. ఆగలే గావచ్చు?"

ఖదీర్ వంగి చూశాడు. తెగిన చోట సగం అంచు నల్లబడి ఉంది. ఆ సగం ఆ రోజు తెగింది కాదు, ఆదివారం బిగించినప్పుడే పగిలింది. బెంచీ మీద ప్రకాశం ఉన్నాడు. వెనక నౌరీన్ ఉంది.

"అవ్," అన్నాడు ఖదీర్. "నీ బరువుకు, సాన బరువుకు ఆగలే."

"గంతే అనుకున్న," అన్నాడు దుర్గయ్య. సైకిలును మళ్లీ ఆటోలోకి ఎక్కించుకున్నాడు.

వెనక స్కేలున్న సొరుగు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు ఖదీర్‌కు వినిపించాయి. వెనక్కి తిరగలేదు. ఆ రోజు అతని టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి పోయింది. ఇంట్లో నౌరీన్ రోజూలాగే అతని పళ్లెంలో మూడు రొట్టెలు పెట్టింది.  రొట్టెల వైపు కూడా చూడలేక ఖదీర్ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

గురువారం ఏడింటికి తన సొంత ఇనప సైకిలు తీసుకుని బహదూర్‌పురాలో దుర్గయ్య ఇంటికి పోయాడు. నౌరీన్‌నూ రమ్మన్నాడు. దుర్గయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. భార్య సక్కుబాయి అంట్లు తోముతోంది.

"దుర్గన్నా, నీ బరువు కాదు," అన్నాడు ఖదీర్, నిలబడే. "హబ్బు పొట్టిది. బిడ్డ కొలిచి చెప్పింది, ఇనలే. బిగిస్తుంటే సప్పుడైంది, గది గూడ ఇన్న. నిన్న నువ్వడిగితే అబద్ధమాడిన. ఈ బండి తీసుకో. పది నిమిషాలల్ల సాన బిగిస్త."

 సక్కుబాయి అంది.

"సాన ఏడున్నది భాయ్? నిన్న పొద్దుగూకంగ మా గల్లీ సాయిలుకు ఇచ్చేసిండు. బార్కస్ ఇండ్లు గూడ అప్పజెప్పిండు. 'నా బరువుకు ఇంక ఏ బండీ ఆగదే' అన్నడు. రాత్రి అన్నం సగమే తిన్నడు, బరువు తగ్గాలెనట."

"నేను పోయి సాయిలును అడుగుత."

"వద్దు," అన్నాడు దుర్గయ్య. "మాటిచ్చిన. పిల్లలు గలోడు. పండుగ ముంగట ఇచ్చి గుంజుకుంటమా?" చెక్కుకుపోయిన మోకాలు చూసుకుంటూ, "నిన్న పగటీలి దుకాణంలనే చెప్తే అయిపోతుండె గద భాయ్," అన్నాడు.

 దుర్గయ్య నౌరీన్ వైపు తిరిగాడు.

"ఆ దినం ఎంతన్నవ్ బిడ్డా?"

"నూట ముప్పై ఐదు, చాచా."

"నేను గూడ నవ్విన," అన్నాడు దుర్గయ్య.

ఖదీర్ సైకిలును గోడకు ఆనించి, తాళంచెవి సక్కుబాయి చేతికిచ్చి, నడిచి దుకాణానికి వచ్చాడు. ప్రకాశం బెంచీ మీదే ఉన్నాడు. సానపట్టే ఆయన బండి సంగతేమైందని అడిగాడు. తప్పు తనదేనని, నౌరీన్ ముందే చెప్పిందని ఖదీర్ అన్నాడు. ప్రకాశం చాయ్ గ్లాసు కింద పెట్టి ఆటో దగ్గరికి పోయాడు.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు, బార్కస్ ఇళ్లన్నీ అయ్యాక, ఖదీర్ ఇంటి కత్తికి సాయిలు సానపట్టాడు.