ఒక్కరికే వినిపించే మోత

రొట్టెలకు జొన్నపిండి తడుపుతూ ఉమ నీళ్ల చెంబులోకి చూసింది. గోడకు ఆనుకొని ఉన్న ఆ చెంబును ఎవరూ ముట్టలేదు. అయినా నీటి మీద సన్నని వలయాలు పుడుతున్నాయి. గోడకు అవతల దుర్గయ్య సేటు ఏసీ బయటి పెట్టె ఉంది. ఎండలు ముదిరినప్పటి నుంచి అది రాత్రీ పగలూ ఆగడం లేదు. బిగించినవాడు ఇనుప చట్రాన్ని రెండిళ్ల ఉమ్మడి గోడకే దిగ్గొట్టి, కింద రబ్బరు ముక్కలు వేయడం మరిచాడు. పెట్టె వణికితే గోడ వణుకుతుంది. గోడ వణికితే ఉమ పడుకునే వెనకగది మొత్తం డప్పులా మోగుతుంది. ఇందులో అంతుచిక్కనిదేమీ లేదు. నాలుగు రబ్బరు ముక్కలతో పోయే బాధ.

అయితే ఆ మాట సేటుకు చెప్పవలసినవాడు ఉమ మొగుడు కల్యాణ్. తొర్రూరులో ఆ సేటు ఎరువుల దుకాణంలోనే అతని గుమస్తా కొలువు. మొదటిసారి చెప్పినప్పుడు నవ్వాడు. "ఏం మోతనే? నాకైతే ఇనవడ్తలేదు." చెంబు చూపిస్తే, "నీ చేతులు వణుకుతున్నయ్" అన్నాడు, ఆమె చేతులు ఒళ్లో ఉండగానే. అత్త జమ్లీ ఇంకో అడుగు ముందుకు వేసింది: "మా ఇంట్ల ఎవ్వలకు లేని చెవులు నీకే మొలిచినయా?" నిద్రలేక ఉమ అన్నం మాడ్చిన రోజున, కల్యాణ్ పెండ్లానికి తలకాయల మోత పుట్టిందన్న మాట వాడకట్టంతా పాకింది. ఉమను భయపెట్టింది మోత కాదు. వాళ్ల మాటను తానే నమ్మడం మొదలుపెట్టిందేమోనన్న అనుమానం. ఒక్కోసారి చెంబును వదిలి తన వేళ్లనే పరీక్షించుకునేది.

ఆదివారం మధ్యాహ్నం తండా నుంచి పూల్‌సింగ్ భగత్‌ను పిలిపించారు. గాలి సోకిన ఆడవాళ్లను మంత్రంతో బాగుచేస్తాడని పేరు. ఉమను ఆ వెనకగదిలోనే కూర్చోబెట్టి, నిప్పుల మీద ఎండుమిరపకాయలు పోశారు. దగ్గు తెరలో ఆమె లేవబోతే కల్యాణ్ భుజాలు అదిమిపట్టాడు. భగత్ వేపమండతో వీపు మీద కొడుతూ మంత్రం ఎత్తుకున్నాడు. అంతలోనే ఆపి, మొహం చిట్లించి గోడవైపు చూశాడు.

"గిదేం మోతరా కల్యాణూ! నా మంత్రం నాకే ఇనవడ్తలేదు. బందు చేపియ్యి."

కల్యాణ్ ఆలోచించనైనా లేదు. చెప్పులు తొడుక్కోకుండానే ఉరికాడు. గోడ అవతల నుంచి అతని గొంతు వినిపించింది.

"సేటూ, జరసేపు బందు పెట్టుర్రి. మోతకు లోపల కూసునుడైతలేదు."

"అయ్యో, ముందుగాల్నే చెప్పద్దా?" అన్నాడు దుర్గయ్య.

పెట్టె ఆగింది. నిప్పుల చిటపట కూడా స్పష్టంగా వినిపించే నిశ్శబ్దంలో మంత్రం పూర్తయింది. భగత్ ఉమ జుట్టు పట్టి తల పైకెత్తాడు.

"ఇప్పుడు ఇనవడ్తుందా?"

"లేదు."

"దిగింది!" అంటూ జమ్లీ చేతులు జోడించింది. తిరిగొచ్చిన కల్యాణ్ కూడా, కళ్లు మూసుకొని, భక్తిగా జోడించాడు. మిరప ఘాటుకు నీళ్లు కారుతున్న కళ్లతోనే ఉమ ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. ఏసీ వచ్చిన వారానికే అతని మంచం, అత్త మంచం ముందుగదికి ఎందుకు చేరాయో ఇక ఎవరినీ అడగనక్కర లేదు.

భగత్ వెళ్లాడు. పెట్టె మళ్లీ మొదలైంది. దాన్ని మించేలా గొంతు పెంచి జమ్లీ, "చాయ్ పెట్టు" అంది.

ఉమ చాయ్ పెట్టలేదు. తన దుప్పటి తీసుకెళ్లి ముందుగదిలో కల్యాణ్ మంచం మీద పరిచింది. అతని దిండు తెచ్చి వెనకగదిలో గోడ పక్కన పడేసింది.

"దిగలేదురా," అంది జమ్లీ. "భగత్‌ను మళ్ల పిలువు."

"పిలువుర్రి," అంది ఉమ, మొగుడి వైపు తిరిగి. "అందాక లోపల నువ్వు పండు. నీకు ఇనవడది గద."