వేలు చెప్పిన మాట

మా ఇంటి ముందుగదిలో కత్తుల పదును ఎవరో తీసేస్తున్నారని నాకు అర్థమై మూడు వారాలైంది. ఎవరో ఏమిటిలెండి, ఇంట్లో ఉండేదే ముగ్గురం. నేను, నా కూతురు, అల్లుడు. నా కత్తిని నేను పాడుచేసుకోను. కూతురు చీపురు పట్టుకుని తప్ప ఆ గదిలోకి రాదు. ఇక మిగిలిందెవరో చెప్పడానికి పెద్ద బుర్రేం అక్కర్లేదు.

నా పని గురించి రెండు ముక్కలు చెబుతాను. ఒక సానరాయి, చెంబుడు నీళ్ళు, గోడకు కొట్టిన పాత తోలు బెల్టు. నలభై ఏళ్ళుగా ఇదే నా సరంజామా. మాంసం కొట్టువాళ్ళు, హోటల్ వంటవాళ్ళు పగలు కత్తులు తెచ్చిచ్చి మర్నాడు పట్టుకెళతారు. నూరిన వెంటనే వేలు పెట్టి చూడటం మా నాన్న నాకు నేర్పలేదు. రోజంతా నీళ్ళలో నానిన వేలికి ఏం తెలుస్తుంది? అందుకని సాయంత్రం కత్తులన్నీ గోడ మేకులకు తగిలిస్తాను. పొద్దున్నే, ఆ గదిలోకి ఇంకా వెలుతురు సరిగా రాకముందే, పొడి బొటనవేలు ఒక్కొక్క అంచు మీద అడ్డంగా ఆనించి చూస్తాను. అంచు చర్మాన్ని పట్టుకున్నట్టు తెలియాలి. తెలిస్తేనే కాగితం చుట్టి పంపడం. అల్లుడిలా కాగితం ముక్క కోసి చూసి మురిసిపోవడం నాకు చేతకాదు.

అలాంటిది, ఒక పొద్దున వేలు పెడితే ఏమీ తెలియలేదు. గరిటె కాడ మీద పెట్టినట్టుంది. మళ్ళీ నూరాను. మర్నాడూ అంతే. ఒక్కో కత్తినీ మూడేసి సార్లు నూరుతున్నా పొద్దుటికి మొండి. నా వేలు ఒప్పుకోకపోయినా, మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే ఇవ్వక తప్పేది కాదు.

అల్లుడి మీద అనుమానం ఊరికే రాలేదు. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి కరెంటు మర కొందామని ఒకటే పోరు. మర కొంటే దాని ముందు కూర్చునేదెవరు? ఆయనగారే. నావన్నీ మొండి కత్తులని పేరొస్తే నన్ను పక్కన కూర్చోబెట్టడం ఎంతసేపు? పైగా ఒకరోజు నేను కత్తులు చూసి, లోపలికెళ్ళి టీ తాగి వచ్చేసరికి, అటు తిరిగి నిలబడి కత్తి మీద గుడ్డతో గబగబా ఏదో రుద్దుతున్నాడు. నన్ను చూడగానే గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. ఏమిటది అంటే తుడుస్తున్నానన్నాడు. నేను తుడవని కత్తి ఆ గోడకెక్కుతుందా? పట్టపగలు నా కళ్ళు గప్పి ఇంత చేసేవాడు, నేను నిద్రపోయాక ఏం చేస్తున్నాడో.

ఆ రోజు నుంచి అతన్ని అల్లుడుగారూ, మీరూ అనడం మొదలుపెట్టాను. అంతకుముందు బాబూ, నువ్వూ అనేవాణ్ణి. మర్యాద పెరిగేసరికి నాకు కోపమొచ్చిందని కూతురికి తెలిసిపోయింది. ఏమైంది నాన్నా అని వెంటపడింది. ఏమీ లేదన్నాను. టీ ఇస్తూ, గుడ్డ పెట్టి పట్టుకున్నా నాకే కాలుతోంది, నువ్వు ఉత్త చేత్తో ఎలా పట్టుకున్నావంది. కష్టపడ్డ చేతులమ్మా అన్నాను, కాస్త గర్వంగానే.

ఇంతలో మాంసం కొట్టాయన వేలికి కట్టుతో వచ్చాడు. నీ కత్తి నా వేలు కోసేసింది, ఏం చేశావయ్యా దాన్ని అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మొండి కత్తే జారి వేలి మీదికొస్తుందని ఈ పని చేసే ఎవడికైనా తెలుసు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే వినకుండా కత్తి పుచ్చుకున్నాను. అరిగి అరిగి ఆకులా పలచబడిపోయింది.

ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాను. దొరికాడా, ఇంట్లోంచి పొమ్మంటాను. అతను పోతే నా కూతురూ పోతుంది. ఈ ఇంట్లో నేనూ, ఆ సానరాయీ మిగులుతాం. అయినా నా పని మీద దెబ్బకొట్టేవాడితో కలిసి ఉండటం నావల్ల కాదు.

మాంసం కొట్టాయన కత్తినే ముందేసుకున్నాను. రాయి మీద అటు యాభై, ఇటు యాభై, బెల్టు మీద ఇరవై. గుడ్డలో చుట్టి, దారంతో కుట్టి, రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి చొక్కా జేబులో వేసి, జేబుకి పిన్నీసు గుచ్చి, ఆ చొక్కాతోనే పడుకున్నాను. పొద్దున పెట్టెలో కత్తి పదునుగా ఉండి, గోడ మీదవి మొండిగా ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తెల్లారగానే ఇద్దర్నీ పిలిచి ఎదురుగా నిలబెట్టాను. పిన్నీసు పిన్నీసులాగే ఉంది. కుట్టు తెగలేదు. కత్తి తీసి బొటనవేలు ఆనించాను. ఏమీ లేదు. ఇంకాస్త నొక్కి జరిపాను. అదే గరిటె కాడ.

మారు తాళంచెవి ఎక్కడ చేయించారని అడగడానికి నోరు తెరిచాను. అల్లుడు నా మొహం చూడటం లేదు. నా చెయ్యి చూస్తున్నాడు.

"నాన్నా, రక్తం," అంది కూతురు.

వేలి నుంచి మణికట్టు దాకా కారుతోంది. చీమ కుట్టినంత నొప్పయినా లేదు. కిటికీ దగ్గరికెళ్ళి వేలు చూసుకున్నాను. కొత్త కోత పక్కన పాత కోతలు, సన్నగా, నల్లగా, లెక్కలేనన్ని. ఇన్నాళ్ళూ రాయి మురికి అనుకుని రుద్ది కడుక్కుంటున్నాను. అంటే కత్తులన్నీ పదునుగానే ఉన్నాయి. మాంసం కొట్టాయన చెప్పబోయిందీ అదేనేమో.

అల్లుడు జేబులోంచి ఆ గుడ్డే తీసి నా వేలికి చుట్టాడు. దాని నిండా ఎండిన మరకలు.

"కత్తుల మీద మీ రక్తం ఉండేది మామయ్యా. కాగితం చుట్టేముందు తుడిచేవాణ్ణి," అన్నాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీ వేలికి తెలియడం లేదంటే, లేచి నాకు చోటివ్వండి అన్నట్టుంటుంది. ఎలా చెప్పను?"

నాకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. ఈ వేలు పనిచేయకపోతే నేనెవర్ని?

ఇవాళే డాక్టరు దగ్గరికి వెళదామంది కూతురు. ఎప్పుడూ ఎదురు చెప్పేవాణ్ణి, సరేనన్నాను. బయల్దేరే ముందు గోడ మీంచి ఇంకో కత్తి తీసి అల్లుడి చేతికిచ్చాను.

"నిన్న నూరిందే. ఎలా ఉందో చూడు బాబూ," అన్నాను.

కాగితం ముక్క కోసం వెతుక్కోబోయాడు. కాగితం వద్దు, నీ వేలే పెట్టమన్నాను. భయపడుతూ బొటనవేలు ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"పట్టేసింది మామయ్యా."

మూడు వారాల్లో అతని మాట నమ్మడం అదే మొదటిసారి.