నల్లబడిన కాయలు

ఆసుపత్రి వెనక గోడ దగ్గరికి రాగానే తోటమాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న సాయంత్రం నడుమెత్తున నిలబడ్డ అడవి బఠానీ మొక్కలు ఇవాళ లేవు. నేల గుండు కొట్టించినట్టుంది. పక్కనే గడ్డికోత యంత్రాన్ని తుడుస్తూ ఆమె సొంత తమ్ముడు!

"ఎవడు కోయమన్నాడ్రా?"

"సూపరింటెండెంటుగారే, అక్కా. రేపు పైఅధికారులు తనిఖీకి వస్తున్నారట. కాయలు నల్లబడ్డాయి, తెగులేమో, తీసేయ్ అన్నారు. నీకు పని తప్పుతుంది కదా అని పొద్దున్నే..."

"నీ దుంప తెగ! నల్లబడితే పండినట్టురా! ఇవాళ కోసుకుందామని సంచి కూడా తెచ్చాను. ఏవీ కాయలు?"

"చెత్తతో పాటు కాల్చేశాను."

ఇంకేం చెప్పాలి! అది ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఎవరూ నాటకుండానే తనంతట తాను పూసిన పువ్వు. రోడ్ల పక్కన కోసి కోసి ఆనవాలు లేకుండా చేశారు మహానుభావులు. రైలు కట్ట మీద ఆమెకి గుప్పెడు గింజలు దొరికాయి. చిక్కుడు జాతి గింజ, పెంకు మహా మొండిది. ఒక్కొక్కదాన్నీ గరుకు కాగితం మీద రుద్ది, నానబెట్టి నాటింది. మూడేళ్ళూ ఆకులే. నాలుగో ఏడు, అంటే ఈ ఏడే, నీలంగా విరగబూసింది. కిటికీ పక్క మంచాలవాళ్ళు తలలెత్తి చూశారు. ఆ గింజలన్నీ ఇప్పుడు బూడిద. మిగిలింది నేల కింద వేళ్ళే.

అంతలో సూపరింటెండెంటు పూలకుండీలు మోయించుకుంటూ వచ్చాడు. "ఇదంతా రెండడుగులు తవ్వి ఇవి నాటేయండి. కళకళలాడిపోవాలి."

"తవ్వితే వేరు తెగుతుంది. తెగితే ఇక మొలవదు. నేను తవ్వను."

"చచ్చిన మొక్కకి వేరేంటమ్మా? నువ్వు తవ్వయ్యా," అంటూ తమ్ముడి చేతికి గునపం అందించాడు.

ఆమె మోకాళ్ళ మీద కూలబడి చేతివేళ్ళతో మట్టి తోడింది. మొదలు పక్కన గోరంత మొగ్గ బయటపడింది, ఎర్రగా, తడిగా. వచ్చే ఏటిది.

"చూడండి, కళ్ళు పెట్టుకుని చూడండి! కదలకుండా పడుంటే చచ్చినట్టేనా? పైన మంచాల మీద కదలకుండా ఉన్నవాళ్ళని కూడా ఇలాగే తీసి పారేయిస్తారా?"

పై అంతస్తు కిటికీలో ఒక ముసలాయన మోచేతి మీద లేచి చూస్తున్నాడు. సూపరింటెండెంటు ఆయన్ని చూశాడు, మొగ్గని చూశాడు. తమ్ముడు గునపం గోడకి ఆనించి, వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు.

"సరే, కుండీలు గోడవారగా పెట్టి ఏడవండి," అని గొణుక్కుంటూ సూపరింటెండెంటు వెళ్ళిపోయాడు.

తమ్ముడు వంగి ప్యాంటు అంచు మడత విప్పాడు. కోతలో చిట్లిన కాయల గింజలు, ఏడో ఎనిమిదో, అరచేతిలో రాలాయి. వాటిని అక్క ముందు చాచి ఇకిలించాడు.

"నవ్వావంటే పళ్ళు రాలగొడతాను. పోయి గరుకు కాగితం తెచ్చుకో. ఒక్కొక్కటీ నువ్వే రుద్దాలి, నువ్వే నాటాలి. అవి పూసేదాకా నాతో మాట్లాడకు."